సీషెల్స్‌లో ఏడు రోజులు తెరచాప పడవ మీద: అనంతపురం ఇంటికి పనికొచ్చిన లెక్కలు

హిందూ మహాసముద్రంలోని దీవుల దేశం సీషెల్స్‌లో మేము అద్దెకు తీసుకున్న తెరచాప పడవలో నీళ్ల ట్యాంకు 600 లీటర్లు. కెప్టెన్‌తో కలిపి ఎనిమిది మందిమి, ఏడు రోజులు. అంటే మనిషికి రోజుకు పదిన్నర లీటర్ల చిల్లర. వంట, స్నానం, గిన్నెలు, మొహం కడుక్కోవడం అన్నీ అందులోనే. అనంతపురంలో ట్యాంకరు వచ్చే రోజు చూసుకుని బిందెలు లెక్కబెట్టి వాడిన ఇంటికి ఈ లెక్క కష్టం కాలేదు. కష్టమైంది లంగరు. తెరచాప పడవ అంటే రోజంతా తెరచాప లాగుతూ ఉంటారనుకుంటాం. వారం మొత్తంలో తెరచాప మీద గడిచే గంటల కంటే లంగరు వేసుకుని ఉండే గంటలే చాలా ఎక్కువ. రాత్రి నిద్ర పట్టేదీ పట్టనిదీ దాని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఇందులో లంగరు గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు కాలం సంగతి. సీషెల్స్‌లో మాహే, ప్రాస్లిన్, లా డీగ్ దీవులు భూమధ్యరేఖకు దక్షిణంగా 4, 5 డిగ్రీల మధ్య ఉంటాయి. తుపాన్ల దారి ఇంకా దక్షిణంగా పోతుంది. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ ఆగ్నేయం గాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా వాయవ్యం గాలి, దాంతోపాటు వానలు. ఏప్రిల్, నవంబరు నెలల్లో గాలి సద్దుమణుగుతుంది. ఆ ఆగ్నేయం గాలే భూమధ్యరేఖ దాటి, మలుపు తిరిగి, నైరుతి గాలిగా వచ్చి మన రామగిరి గుట్టల మీది గాలిమరలను తిప్పుతుంది. జులై, ఆగస్టుల్లో అది అక్కడ 20 నాట్లు దాటడం మామూలే (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు). పెద్దవాళ్లు, పిల్లలతో మొదటిసారి పోయేవాళ్లకు ఆ రెండు నెలలు వద్దు. వేసవి సెలవుల మొదట్లో, అంటే ఏప్రిల్ చివర పోతే నీళ్లు అద్దంలా ఉంటాయి, చేపలు చూడటానికి అంతకంటే మంచి కాలం లేదు. కానీ గాలి లేక సగం దారి ఇంజిన్ మీదే పోవాలి. మేము దసరా సెలవులు ఎంచుకున్నాం. అక్టోబరులో గాలి సాధారణంగా 10 నుంచి 15 నాట్ల మధ్యకు దిగుతుంది. తెరచాపకు చాలినంత, కడుపులో తిప్పనంత.

పడవల్లో ఒకే పొట్టు (అంటే నీళ్లలో తేలే పడవ ఒళ్లు) ఉన్నవి, రెండు పొట్టులు ఉన్న కటమరాన్లు అని రెండు రకాలు. ఇంటిల్లిపాదీ పోయేటప్పుడు కటమరానే నయం. ఒరగదు, టేబుల్ మీద గ్లాసు నిలుస్తుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిటారు మెట్లు దిగే పని తక్కువ. మాది 40 అడుగులది. నాలుగు గదులు, రెండు ఇంజిన్లు, నీళ్లలో మునిగే లోతు 1.3 మీటర్లు. ఇంకా పెద్దది తీసుకుంటే సుఖమే గానీ అద్దె ఒక్కసారిగా పెరుగుతుంది.

సొంతంగా నడపాలంటే ఐసీసీ (పడవ నడపగలరని చూపే అంతర్జాతీయ సర్టిఫికెట్) గానీ, బ్రిటన్ తెరచాప పడవల సంఘం ఆర్‌వైఏ ఇచ్చే డే స్కిప్పర్ స్థాయి సర్టిఫికెట్ గానీ అడుగుతారు. మా దగ్గర అవి లేవు గనుక కెప్టెన్‌తో సహా తీసుకున్నాం. అతని రోజుకూలి వేరు, తిండి మనదే, పడుకోవడానికి ముందు భాగంలోని చిన్న గది. వంట అతని పని కాదని బుక్ చేసేటప్పుడే తెలుసుకోవాలి. సర్టిఫికెట్ లేకపోయినా పడవ తీరు తెలిసి పోతే వారం వేరుగా ఉంటుంది. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో తెరచాప నేర్పే క్లబ్బులున్నాయి. అక్కడ చిన్న పడవ మీద నాలుగు రోజులు కూర్చుంటే గాలి ఎటు నుంచి వస్తోందో మెడకే తెలిసిపోతుంది.

ఇంట్లో చేసిన సాధన ముడులు. 10 మిల్లీమీటర్ల తాడు రెండు మీటర్లు కొని, మంచం కోడుకు కట్టి మూడే ముడులు నేర్చుకున్నాం: బౌలైన్, క్లోవ్ హిచ్, ఎనిమిది ఆకారపు ముడి. బౌలైన్ అంటే ఎద్దు మెడకు వేసే తలుగు లాంటిది. ఎంత లాగినా ఉచ్చు బిగుసుకోకూడదు, పని అయ్యాక వేళ్లతో విప్పితే రావాలి. క్లోవ్ హిచ్ ఫెండర్లు (పడవ పక్కలు గట్టుకు రాసుకోకుండా వేలాడదీసే బుడ్డలు) కట్టడానికి. ఎనిమిది ముడి తాడు చివర కప్పీలోంచి జారిపోకుండా ఆపడానికి. ఈ మూడూ చీకట్లో వేయగలిగితే పడవ మీద మనం అడ్డం కాదు.

అడ్వాన్సు పంపడానికి బ్యాంకులో పాన్ కార్డు, ఏ2 ఫారం కావాలి. భారతీయులకు సీషెల్స్ వీసా అక్కర్లేదు గానీ బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి. ఎక్కడ ఉంటారు అనే చోట పడవ అద్దె కాగితం, హోటల్ రసీదు జత చేశాం. మనకు బెంగళూరు విమానాశ్రయం ఊరికి ఇవతలే, దేవనహళ్లిలో ఉండటం కలిసొస్తుంది. మూడు గంటల్లో చేరవచ్చు, అక్కడి నుంచి ముంబై మీదుగా మాహే. పడవ ఎక్కే రోజే దిగేట్టు టికెట్లు తీసుకోవద్దు. ఒక రాత్రి ముందు చేరాలి. విమానం ఆలస్యమైతే పోయేది పడవ రోజు, దాని అద్దె వెనక్కి రాదు.

సామాన్లు మెత్తటి సంచుల్లోనే సర్దాలి. గట్టి సూట్‌కేసు పెట్టడానికి పడవలో చోటుండదు. ప్లాస్టిక్ సంచులు, ప్లాస్టిక్ ప్లేట్లు ఆ దేశంలో నిషేధం. మన స్టీలు ప్లేట్లు తేలిక, పగలవు, తక్కువ నీళ్లతో శుభ్రమవుతాయి. తాజా పళ్లు, కూరగాయలు, విత్తనాలు తీసుకుపోకూడదు. వండిన పొడులైనా సరే, తీసుకుపోయేది ఏదైనా ఫారంలో రాసి చూపించాలి. మేము తీసుకుపోయినవి రాగిపిండి, చెనిక్కాయల పొడి, కారప్పొడి, బొరుగులు. ఉగ్గాని పడవకు సరిగ్గా సరిపోయే టిఫిన్. గ్యాసు పది నిమిషాలు, గిన్నె ఒకటే. సంగటి మాత్రం లంగరు వేసుకున్నాకే కెలకాలి. పడవ నడుస్తుండగా మరుగుతున్న ఎసరు దగ్గర రెండు చేతులతో కట్టె పట్టుకుని నిలబడటం ఒంటికి ప్రమాదం.

మాహేలో ఈడెన్ ఐలాండ్ మెరీనాలో పడవ అప్పజెప్పేటప్పుడు రెండు గంటలు పట్టింది. తొందరపడకూడని చోటు ఇదే. పిల్లల బరువు ముందే రాసి పంపాలి, లేకపోతే లైఫ్ జాకెట్లు పెద్దవాళ్లవే ఉంటాయి. ఒక్కో జాకెట్ తొడిగి చూడాలి. లంగరు గొలుసు ఎన్ని మీటర్లు, ఎన్ని మీటర్లకు రంగు గుర్తు పెట్టారు అని అడగాలి. గొలుసు లాగే విండ్‌లాస్ మోటారు బ్రేకర్ ఎక్కడుందో చూసుకోవాలి. అది పడిపోవడం మామూలే, వెతుక్కునే సమయం అప్పుడు ఉండదు. ఇంజిన్ వేసి, వెనక గొట్టంలోంచి నీళ్లు చిమ్ముతున్నాయా అని చూడాలి. చిమ్మకపోతే వెంటనే ఆపాలి: నీళ్లు లాక్కునే రంధ్రానికి నాచు అడ్డమో, పంపులోని రబ్బరు చక్రం చిరిగిపోయిందో అయ్యుంటుంది. ఆపకపోతే కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ వేడెక్కుతుంది. చివరగా, ఉన్న గీతలన్నీ ఫోనులో వీడియో తీసి పెట్టుకోవాలి. డిపాజిట్ వెనక్కి రావడానికి అదే సాక్ష్యం.

మొదటి రాత్రి దూరం పోలేదు. విక్టోరియా ఎదురుగానే ఉన్న సెయింట్ ఆన్ సముద్ర పార్కులో ఆగాం. గంట లోపు దారి. ఎక్కడ ఏముందో చేతికి అలవాటు కావడానికి ఆ రాత్రి కావాలి.

ఇక లంగరు. చాలామందిలాగే మేమూ బరువే పడవను ఆపుతుందనుకున్నాం. కాదు. మా లంగరు పాతిక కిలోలకు అటూ ఇటూ, పడవ టన్నుల్లో ఉంటుంది. లంగరు ఇసుకలో దిగబడాలి. దిగబడాలంటే అడ్డంగా లాగాలి. కెప్టెన్ బొమ్మ గీసి చెబుతుంటే మా నాయన ఒక్క మాటలో తేల్చేశాడు: “ఇది నాగలి మాదిరే కదరా. ముందుకు లాగితే దిగుతుంది, మేడి నొక్కి పైకెత్తితే లేస్తుంది.” నిజంగానే నాగలి పేరుతోనే పిలిచే లంగరు రకం ఒకటుంది. గొలుసు తక్కువ వదిలితే పడవ దాన్ని ఏటవాలుగా పైకి లాగుతుంది, లంగరు లేచిపోతుంది. ఎక్కువ వదిలితే గొలుసు బరువుకు కింద ఇసుక మీదే పడుకుని అడ్డంగా లాగుతుంది.

లెక్క ఇదీ. లోతు చూపే మీటరు 6 మీటర్లు చూపింది. పోటు వచ్చి నీళ్లు పెరిగితే ఇంకో మీటరున్నర. మొత్తం ఏడున్నర. దానికి అయిదింతలు, అంటే 37.5. మేము 40 మీటర్లు వదిలాం. ఈ లెక్కలో పోటును మరిచిపోవడమే ఎక్కువమంది చేసే తప్పు. పగలు పాటుకు నీళ్లు తగ్గినప్పుడు సరిపోయిన గొలుసు అర్ధరాత్రి చాలదు.

చోటు ఎంచడం కంటితోనే. లేత రంగు కనిపిస్తే ఇసుక, ముదురు మచ్చలు పగడం గానీ సముద్రపు గడ్డి గానీ. పగడం మీద లంగరు వేయడం పాపమనే నా ఉద్దేశం. ఏళ్ల తరబడి పెరిగినది గొలుసు రాసుకుని ఒక్క రాత్రిలో పిండి అవుతుంది. పైగా గొలుసు దాని చుట్టూ చుట్టుకుంటే పొద్దున రాదు. రంగులు తేడా తెలియాలంటే పొద్దు నెత్తిన ఉండాలి. ఉదయం పది, మధ్యాహ్నం మూడు మధ్యే చేరేట్టు బయల్దేరాలి, పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉండాలి. అక్కడ ఏడాది పొడుగునా సాయంత్రం ఆరు, ఆరున్నరకే పొద్దు గుంకుతుంది. అద్దె పడవను చీకటిపడ్డాక నడపనివ్వరు కూడా.

వేసే తీరు: పడవ ముక్కు గాలికి ఎదురుగా తిప్పి పూర్తిగా ఆపాలి. లంగరు నేలను తాకేదాకా వదలాలి. ఆ తర్వాత గాలి పడవను వెనక్కి నెట్టే వేగంతోనే గొలుసు వదలాలి. మొదటిసారి మేము గొలుసంతా ఒకేసారి వదిలేశాం. అది లంగరు మీదే కుప్ప పడి, దాని కొక్కేనికి చుట్టుకుంది. పది నిమిషాల్లో పడవ జారడం మొదలైంది, అంతా లాగి మళ్లీ వేయాల్సి వచ్చింది. మొత్తం వదిలాక రెండు ఇంజిన్లూ రివర్సులో మెల్లగా వేసి, క్రమంగా నిమిషానికి 1,500 తిప్పులకు పెంచి అర నిమిషం లాగాలి. అప్పుడు ఒడ్డున ఒకదాని వెనక ఒకటి కనిపించే రెండు గుర్తులు పట్టుకోవాలి, ఒక కొబ్బరిచెట్టు, దాని వెనక ఒక బండ. చెట్టు బండ మీదనుంచి పక్కకు జరగకపోతే లంగరు పట్టినట్టు. గొలుసు మీద అరికాలు పెట్టి చూసినా తెలుస్తుంది: జారుతుంటే గుడుగుడుమని అదురుతుంది, పట్టితే బిగుసుకుని నిశ్శబ్దంగా ఉంటుంది. తర్వాత కళ్లద్దాల మాస్కు వేసుకుని ఈదుకుంటూ పోయి పైనుంచి చూడాలి. లంగరు తల ఇసుకలో పూడిపోయి కాడ మాత్రమే కనిపిస్తే ఆ రాత్రి నిద్రపోవచ్చు.

కటమరాన్‌కు ఇంకో పని ఉంది. రెండు ముక్కుల నుంచి రెండు తాళ్లు వచ్చి గొలుసుకు కొక్కెంతో తగులుకునే బ్రైడిల్ వేయాలి. అది వేయకపోతే భారమంతా విండ్‌లాస్ మీద పడి దాని పళ్లు పోతాయి, పడవ కూడా రాత్రంతా అటూ ఇటూ ఊగులాడుతుంది. పొద్దున గొలుసు తీసేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, పడవను ఇంజినుతో లంగరు వైపు నడపాలి. మోటారు ఉన్నది గొలుసు పైకి చుట్టడానికి, పడవను లాగడానికి కాదు. చున్నీ, కొంగు, విప్పిన జుట్టు దాని దగ్గరికి రాకూడదు. మా ఇంట్లో ఆ పని చేసేవాళ్లు బిగుతు బట్టలు, బూట్లు వేసుకున్నారు.

మాహే నుంచి ప్రాస్లిన్ ఈశాన్యంగా 25 నాటికల్ మైళ్లు. ఆరు నాట్ల వేగంతో నాలుగు గంటల చిల్లర. ఆగ్నేయం గాలి సరిగ్గా కుడిపక్క నుంచి తగులుతుంది, తిరిగొచ్చేటప్పుడు ఎడమ పక్క నుంచి. తెరచాప పడవకు పక్కగాలి కంటే హాయి లేదు. రానూ పోనూ అదే దొరకడం ఈ దారి అదృష్టం. ఇబ్బందల్లా అలలు కూడా పక్కనుంచే రావడం. కటమరాన్ ఒరగదు గానీ చిన్న చిన్న కుదుపులు వేస్తుంది. వాంతులు అయ్యేవాళ్లకు అవోమిన్ లాంటి మాత్ర బయల్దేరడానికి గంట, రెండు గంటల ముందే పడాలి. మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు. నిద్ర తెప్పిస్తుంది, పిల్లలకు, బీపీ మందులు వాడేవాళ్లకు డాక్టరును అడిగే ఇవ్వాలి. ఆ పొద్దున నూనె లేని తిండి, అల్లం ముక్క. లోపలి గదుల్లోకి పోకుండా వెనక భాగంలో కూర్చుని దూరపు నీటి అంచు చూస్తుండాలి. ఫోను చూసినవాళ్లకే ముందు తిప్పుతుంది.

తెరచాప ఎంత విప్పాలన్నది కటమరాన్‌లో కంటితో కాదు, గాలి మీటరుతో నిర్ణయించాలి. ఒంటి పొట్టు పడవ గాలి ఎక్కువైతే ఒరిగి చెబుతుంది. రెండు పొట్టుల పడవ చెప్పదు, భారమంతా స్తంభం మీద, తీగల మీద మౌనంగా పెరుగుతుంది. మా పడవకు 18 నాట్లు దాటితే తెరచాప ఒక మడత తగ్గించాలి, 25కు రెండో మడత. తగ్గిద్దామా అనే ఆలోచన వచ్చినప్పుడే తగ్గించేయాలి. తెరచాప పైన ఉన్నంతసేపు కప్పు మీద ఎవరూ ఉండకూడదు, పిల్లలు జాకెట్ లేకుండా బయటికి రాకూడదు. ఈ రెంటిలో సడలింపు ఇవ్వలేదు.

నీళ్ల దగ్గరికి వస్తే, తాగడానికి ట్యాంకు నీళ్లు వాడలేదు. మనిషికి మూడు లీటర్ల చొప్పున 168 లీటర్లు, అయిదు లీటర్ల డబ్బాలు 34 కొన్నాం. స్నానం సముద్రంలో, చివర మంచినీళ్లు రెండు చెంబులు. కుళాయి వదిలి స్నానం చేస్తే మనిషికి 15, 20 లీటర్లు ఎగిరిపోతాయి. చెంబుతో మూడు, నాలుగు లీటర్లు చాలు. గిన్నెలు ముందు ఉప్పునీళ్లతో తోమి, చివర మంచినీళ్లతో తొలిపాం. మధ్యలో నింపుకోవచ్చులే అనే లెక్క వేసుకోలేదు. బొరుగులు తడిపి పిండిన నీళ్లు కూడా గిన్నెలు నానబెట్టడానికి పోయాయి.

మరుగుదొడ్డి గొట్టం సన్నది. కాగితం, తడి వైప్స్, జుట్టు ఏదీ పడకూడదు. చేతిపంపుది అయితే పని అయ్యాక 15, 20 సార్లు కొట్టాలి, అయిదారుతో ఆపేస్తే మురికి గొట్టంలోనే నిలిచి మర్నాటికి గట్టిపడుతుంది. పంపు పక్కన చిన్న మీట ఉంటుంది, అది నీళ్లు లాగే వైపే వదిలేస్తే గిన్నె పొంగి గది నిండుతుంది. ఇంట్లో ప్రతి ఒక్కరితో పడవ కదిలేముందే ఒకసారి చేయించాం, అవ్వతో సహా. మొహమాటపడే విషయం కాదిది. ఆగిన చోట మురుగు ట్యాంకు వాల్వు మూసి ఉంచి, దూరం పోయాక సముద్రంలో వదలాలి.

కరెంటుకు పెద్ద కథ లేదు. బ్యాటరీ 12.2 వోల్టుల కిందికి దిగితే సగం ఖాళీ అయినట్టు, అక్కడితో ఆగి ఇంజిన్ వేయాలి. ఎక్కువ తినేది ఫ్రిజ్. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్ప తెరవనివ్వలేదు. మిక్సీ మాట మరిచిపోవాలి, పొడులు అందుకే.

ఒడ్డుకు పోయేది రబ్బరు డింగీలో, అంటే పడవతో పాటు ఇచ్చే చిన్న పడవలో. ఇంజిన్ ఆపే ఎర్ర తాడు నడిపేవాళ్ల కాలికో మణికట్టుకో ఉండి తీరాలి. దీనికి తిథులు బాగా పనికొచ్చాయి. పోటు పాట్ల తేడా అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులకు ఎక్కువ, అష్టమి దాటాక బాగా తక్కువ. దసరా సరిగ్గా ఆ తక్కువ రోజుల్లో పడుతుంది. దశమి నుంచి పౌర్ణమి వైపు పోయేకొద్దీ తేడా పెరుగుతూ వచ్చింది. వారం మొదట్లో డింగీ వదిలిన చోటే నీళ్లలో ఉండేది, చివర్లో రెండు గంటలకే ఇసుక మీద కూర్చునేది. ఇంజినుతో కలిపి దాన్ని ఈడ్చడానికి నలుగురు కావాలి.

దీవుల్లో మా వరుస క్యూరియస్, ప్రాస్లిన్, లా డీగ్. క్యూరియస్‌లో పార్కు రుసుము కట్టి బోయాకు (సముద్రం అడుక్కి కట్టేసి నీళ్ల మీద తేలే బుడ్డకు) పడవ కట్టుకోవచ్చు, లంగరు బాధ లేదు. పెద్ద తాబేళ్లు మనిషి పక్కనే నడుస్తాయి, మడ అడవి మధ్య చెక్క బాట ఉంది. ప్రాస్లిన్‌లో వాలీ ద మే 1983లో యునెస్కో జాబితాలోకి వచ్చిన తాటివనం. లోకంలో అన్నిటికంటే బరువైన గింజ, కోకో ద మేర్, అక్కడిదే. అనుమతి పత్రం లేకుండా ఆ కాయ కొనకూడదు. ఆన్స్ లాజియో వాయవ్యం వైపు తిరిగిన తీరం, మేము పోయిన కాలంలో దీవే గాలికి అడ్డం. అదే చోటు జనవరిలో అలలకు ఎదురుగా ఉంటుంది. లా డీగ్ రేవు చిన్నది, పది గంటలకల్లా చేరితేనే చోటు. అక్కడ తిరగడం సైకిళ్ల మీద. కజిన్ దీవిలో సొంత డింగీతో దిగనివ్వరు, ఎలుకలు, పురుగులు రాకుండా వాళ్ల పడవే వచ్చి తీసుకుపోతుంది. ఒక చిన్న పక్షి జాతిని కాపాడటానికి 1968లో ఆ దీవినే కొనేశారు. అందుకే అంత జాగ్రత్త.

అప్పజెప్పే ముందు డీజిల్ నింపాలి, ఆ బంకు దగ్గర వరుస ఉంటుంది, గంట చేతిలో పెట్టుకోవాలి. పడవ అడుగును చూసేవాళ్లు నీళ్లలోకి దిగి చుక్కాని, ప్రొపెల్లరు తడిమి వస్తారు. ఎక్కువగా డబ్బు కోత పడేది డింగీ ప్రొపెల్లరు రాళ్లకు తగిలిన దెబ్బకు. మాది గీత లేకుండా వచ్చింది. చివరి సాయంత్రం ట్యాంకు మీటరు చూస్తే ఇంకా 70 లీటర్లు చూపించింది. ఆరోజు ఒక్కొక్కరూ అర బకెట్ చొప్పున, తలంటుతో సహా స్నానం చేశాం.